నీటిపై పుట్టే రాయి

మహాభారతం సభాపర్వంలోని మయసభా ఘట్టం తెలుగువారికి సుపరిచితం. స్ఫటికపు నేలను నీరని భ్రమించి దుర్యోధనుడు వస్త్రాలు పైకెత్తుకొన్నాడు. నీటిని నేల అనుకొని మడుగులో పడ్డాడు. పోలిక వల్ల ఒక వస్తువును మరొకటిగా భ్రమించడాన్ని ఆలంకారికులు భ్రాంతిమదలంకారం అన్నారు. మయుడు రాతిని నీరుగా భాసింపజేశాడు. నీటి సాయంతో కాగితాన్ని రాయిగా భాసింపజేసే హస్తకళ కూడా లోకంలో ఉంది. దానినే మార్బ్లింగ్ అంటారు. పళ్లెంలోని నీటిపై రంగులు తేల్చి, వాటిని కాగితంపైకి ఎత్తడం ఇందులోని ప్రధాన ప్రక్రియ. ఆ కాగితంతో పాతకాలపు సొగసు ఉట్టిపడే శుభాకాంక్షల కార్డులు తయారుచేయవచ్చు.

ఈ కళను పరిశీలించడానికి అనంతపురం పీఠభూమి కంటే తగిన చోటు అరుదు. ఇచ్చట రాయి పుష్కలం, నీరు దుర్లభం. పడమటి కనుమల చాటున ఉన్నందువల్ల నైరుతి ఋతుపవనాలు ఈ నేలకు చేరేసరికి తేమను చాలావరకు కోల్పోతాయి. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కానీ తాడిపత్రి నాపరాళ్లు ఎన్నో ఇళ్లకు నేలలయ్యాయి. లేపాక్షిలో ఏకశిలా నంది కొలువుతీరింది. రాతిలోని రంగులను, చారలను గమనించదలచిన విద్యార్థికి ఈ ప్రాంతమే ఒక గ్రంథాలయం.

మార్బ్లింగ్‌కు సుదీర్ఘమైన చరిత్ర ఉంది. జపాన్‌లో 12వ శతాబ్దం నాటికే నీటిపై సిరాను తేల్చి కాగితానికి ఎత్తేవారు. దానిని సుమినగాషి అన్నారు. ఇరాన్‌లో ఈ కళకు అబ్రీ అని పేరు. అబ్ర్ అంటే పారశీకంలో మేఘం. టర్కీలో ఇదే ఎబ్రూ అయింది. 2014లో యునెస్కో దీనిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

దక్కను పీఠభూమి కూడా ఈ కళకు ఆలవాలమే. 17వ శతాబ్దంలో బీజాపూర్ చిత్రకారులు అబ్రీ కాగితంపై చిత్రాలు రచించారు. వాటిలో ఎముకలగూడుగా మిగిలిన గుర్రం, దానిపై రౌతు ఉన్న చిత్రం ప్రసిద్ధం. 1625 ప్రాంతానికి చెందిన ఆ చిత్రం న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. కరవు ఎరిగిన నేలపై పుట్టినవారికి ఆ బక్కచిక్కిన గుర్రం పరాయిదిగా తోచదు.

ఐరోపాలో ఈ కాగితం పుస్తకాల అట్టలకు, ఖాతా పుస్తకాల అంచులకు అలంకారమైంది. ఇందులోని విశేషమేమంటే, ఒకసారి వచ్చిన రూపం మరల రాదు. 1775లో అమెరికాలోని కాంటినెంటల్ కాంగ్రెస్ 20 డాలర్ల నోటు ముద్రించినప్పుడు, బెంజమిన్ ఫ్రాంక్లిన్ సమకూర్చిన మార్బ్లింగ్ అంచు కాగితాన్ని వాడారు. దొంగనోట్లు చేసేవారికి ఆ అంచును అనుకరించడం కష్టం. రాయి కానిదానిని రాయిగా చూపే కళే మోసానికి అడ్డుకట్ట కావడం గమనించదగినది.

ఇక తయారీ విధానం. నీటిపై రంగు తేలాలి; కానీ చెదరిపోరాదు. అందుకే పూర్వులు నీటిని చిక్కబరిచేవారు. టర్కీలో ఒక చెట్టు జిగురును, ఇరాన్, భారతదేశాలలో మెంతుల జిగురును కూడా వాడేవారు. రంగులో పశువుల పిత్తరసం కలిపితే తలతన్యత తగ్గి, చుక్క వలయంగా విస్తరిస్తుంది. ఒక వలయం పక్కదానిని నెట్టుతుందే తప్ప దానిలో కలిసిపోదు. కాగితానికి ముందే పటిక నీరు పూసి ఆరబెడితే రంగు దానికి అంటుకొంటుంది.

విద్యార్థులకు తైలవర్ణాలతో చేసే పద్ధతి సులభం. దీనికి పటిక, పిత్తరసం అవసరం లేదు. రాత్రంతా నానిన మెంతుల నుండి జిగురు నీటిని వడకట్టి, పలుచని గంజిలా చేసి, వెడల్పాటి పళ్లెంలో పోయాలి. తైలవర్ణాన్ని టర్పెంటైన్‌తో పలుచన చేసి, కుంచెతో చుక్కలుగా చిలకరించాలి. గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా ఈ పని చేయాలి. చుక్కలను కదపకుండా వదిలితే గులకరాళ్ల రూపం వస్తుంది. సూదితో ఒక దిక్కుకు మెల్లగా లాగితే చలువరాతి చారలు ఏర్పడతాయి. కాగితాన్ని ఒక మూల నుండి గాలి చొరబడకుండా వాల్చి, క్షణంలో ఎత్తి, నీడలో ఆరబెట్టాలి. మధ్యలో గాలి బుడగ నిలిస్తే అక్కడ తెల్లని మచ్చ మిగులుతుంది.

గ్రానైట్ రూపానికి పళ్లెం కూడా అక్కరలేదు. బూడిదవర్ణపు కాగితంపై నలుపు, తెలుపు రంగులను పాత పళ్లకుంచెతో సన్నని తుంపరలుగా చల్లితే చాలు. పాతదనం కావాలంటే దళసరి కాగితాన్ని నలిపి, తిరిగి సాపుచేసి, చిక్కని టీ డికాక్షన్ పూయాలి. ముడతలలో రంగు దిగి, బీటలువారిన రాతిలా కనిపిస్తుంది. ఆరిన తరువాత దానిని కార్డుగా మడిచి, దానికంటే కొంచెం చిన్నదిగా కత్తిరించిన మార్బ్లింగ్ ముక్కను మైదా జిగురుతో అంటించి, బరువైన పుస్తకాల కింద ఉంచాలి. లోపలి పుట చేతిరాత కోసమే.

నీటి కరవున్న చోట ఇది విలాసమా అనే ప్రశ్న సహజం. ఒక పళ్లెం నీటితో అనేక కాగితాలు తీయవచ్చు. ప్రతిసారి మిగిలిన రంగును వార్తాపత్రిక ముక్కతో ఎత్తివేస్తే అదే నీరు మరల పనికివస్తుంది. అయితే టర్పెంటైన్ కలిసిన నీటిని చెట్లకు, బావుల దరికి, కాలువలకు చేర్చరాదు. నీటి విలువ తెలిసినవారికి ఈ జాగ్రత్త ఒకరు చెప్పనక్కరలేదు.

హస్తకళ నిలవాలంటే నిత్యజీవితంలో దానికొక చోటు దొరకాలి. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట ఇందుకు నిదర్శనం. ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ గ్రామంలో, తోలుబొమ్మలాటకు ఆదరణ తగ్గినప్పుడు కళాకారులు అదే తోలుతో, అదే రంగులతో దీపపు తొడుగులు చేయనారంభించారు. ఆ గ్రామ కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. వాన కురవని ఏట పొలం పని లేకున్నా, చేతిలోని విద్య ఎండిపోలేదు.

మయసభలోని భ్రాంతి ఒక అతిథిని నవ్వులపాలు చేసి, పగకు బీజం వేసింది. రాతివంటి కార్డు ఎవరినీ వంచించదు. చేతిలోకి తీసుకోగానే కాగితమని తెలిసిపోతుంది. అయినా దానిని అందుకొన్నవారు ఆనందిస్తారు. తమ కోసం ఒకరు నీటిపై ఒక్కసారే పుట్టే రూపాన్ని ఓర్పుతో పట్టుకొన్నారని గ్రహించడమే ఆ ఆనందానికి కారణం. ఆ ఓర్పు మాత్రం అనుకరణ కాదు.