నూలున్న ఇంట్లో పవర్ బ్యాంకు

మన సోలాపూర్ పూర్వభాగంలో పవర్ బ్యాంకు లేని ఇల్లు ఇప్పుడు తక్కువ. పెళ్ళికో పండుగకో ఊరికి రైలెక్కితే అది ఉండాల్సిందే. రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా బోగీల్లో ఛార్జింగ్ బంద్ పెడతారు కదా. అయితే కొన్నవాళ్ళందరికీ దాన్ని చూసుకునే పద్ధతి తెలియదు. నేను చదివింది నాలుగో తరగతి. నా మనవడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటున్నాడు. వాడు చెప్పిందీ, నేను మిల్లులో చూసిందీ కలిపి రాస్తున్నాను.

మిల్లు బ్లోరూంలో దూదిలోకి చిన్న ఇనుప ముక్క వచ్చినా నిప్పురవ్వ లేస్తది. అందుకే అక్కడ అయస్కాంతాలు పెట్టేవాళ్ళు. బీడీ ముట్టించనిచ్చేవాళ్ళు కాదు. గోడకు ఇసుక బకెట్లు వరుసగా వేలాడేవి. మన ఇండ్లు కూడా చిన్న మిల్లులే. ఒక్క గదిలోనే నూలు కట్టలు, కుట్టాల్సిన టవళ్ళు, ఆడవాళ్ళ బీడీ ఆకు చాట, పిల్లల పక్కలు. 2025 మే నెలలో మన అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీలో టవళ్ళ కార్ఖానా అంటుకుని 8 మంది పోయారు. దానికీ పవర్ బ్యాంకుకూ సంబంధం లేదు. కానీ నూలు అంటుకుంటే మనిషికి ఎంత టైము దొరుకుతదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పవర్ బ్యాంకు లోపల ఉండేది లిథియం సెల్లు. దానికి పడనివి వేడి, దెబ్బ, తడి. ఛార్జింగ్ పెట్టినప్పుడు కొంచెం వెచ్చబడటం మామూలే. చెయ్యి పెట్టలేనంత కాలితే వెంటనే తీసేయాలి. దిండు కింద, చద్దరు మీద, నూలు కట్టల మీద పెట్టొద్దు. వేడి బయటికి పోదు. షాబాద్ బండ మీద, చుట్టూ ఏమీ లేకుండా పెట్టండి. అందరూ పడుకున్నాక ఛార్జింగ్ వద్దు, మెలకువగా ఉన్నప్పుడే పెట్టుకోండి. మన ఎండాకాలంలో రేకుల కింద, బండి డిక్కీలో అసలే ఉంచొద్దు.

ఎంతసేపు పెట్టాలని చాలామంది అడుగుతారు. 10,000 ఎంఏహెచ్ దానికి 2 ఆంపియర్ల ఛార్జర్ అయితే నాలుగైదు గంటలు, 1 ఆంపియర్ అయితే ఎనిమిది తొమ్మిది గంటలు పడుతది. అంత నింపినా ఫోనుకు చేరేది ఆరు వేల చిల్లరే. నూలులో వేస్టేజీ పోయినట్టే ఇందులోనూ పోతది, అది మోసం కాదు. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిన పని లేదు. ఒకటి రెండు లైట్లు ఉండగానే పెట్టుకుంటే సెల్లు ఎక్కువ కాలం వస్తది. వాడకుండా దాచేటట్టయితే సగం నింపి పెట్టండి. మూడు నెలలకోసారి మళ్ళీ కొంచెం ఎక్కించండి.

కొనేటప్పుడు వెనకాల బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు చూడండి. ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకు 20,000 ఎంఏహెచ్ అంటే నమ్మొద్దు. దుబాయికి పోయే పిల్లలకు ఒక మాట: విమానంలో ఇది చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వేయనివ్వరు.

అన్నిటికన్నా ముఖ్యం ఉబ్బు. మా వాడలో ఒక అమ్మాయి, బీడీలు చుట్టే పిల్ల, తన పవర్ బ్యాంకు పొట్ట ఉబ్బితే రబ్బరు బ్యాండు వేసి వాడుతోంది. నేను చూసి ఆపించాను. "రెండు వారాల కూలీ తాతా, ఎట్లా పారేసేది?" అన్నది. ఆ మాట నిజమే, ఆ డబ్బు చిన్నది కాదు. కానీ ఆమె పక్కనే ఇద్దరు తమ్ముళ్ళు పడుకుంటారు. ఉబ్బినదాన్ని నొక్కొద్దు, పొడవొద్దు, మళ్ళీ ఛార్జింగ్ పెట్టొద్దు. పొడి ఇసుక పోసిన బకెట్లో వేసి బయట నీడలో పెట్టండి. ఘంటాగాడిలో వేయకండి, చెత్తలో నలిగితే అక్కడ అంటుకుంటది. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. ఒకవేళ పొగ వస్తే చేత్తో ముట్టొద్దు, ఆ పొగ విషం. ముందు పిల్లల్ని బయటికి తీయండి, తర్వాత 101కి ఫోను చేయండి.

ఈ ఆదివారం ఇంట్లో ఉన్న పవర్ బ్యాంకులన్నీ తీసి బల్ల మీద పరిచి చూడండి. చదునుగా ఆనకుండా ఊగేది ఏదైనా ఉంటే, అది ఆ రోజే ఇల్లు దాటాలి.