బ్రేకు తొక్కితే పోయే పెట్రోలు

సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ కారు కొంత పెట్రోలు పోగొట్టుకుంటుంది చిన్నా. ఇంజను ఆపనందుకు కాలేది వేరు, నేను చెప్పేది బ్రేకు తొక్కినందుకు పోయేది. వెయ్యి కిలోల కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకో. ఆ పరుగులో దాదాపు 96 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. అదంతా పెట్రోలు కాల్చి సంపాదించిందే. బ్రేకు తొక్కగానే డిస్కులు వేడెక్కి, ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. పచ్చలైటు పడితే మళ్లీ మొదటికే!

దాన్ని పట్టి దాచడానికి బ్యాటరీ ఉందిగా అంటావు. ఉంది. నాకు మాత్రం ఇంకో పద్ధతి భలే ఇష్టం. సైకిల్ పంపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి, పిడి గట్టిగా నొక్కి వదులు. లోపల నలిగిన గాలి పిడిని పైకి తన్నేస్తుంది. నువ్వు పెట్టిన బలమే అది, వెనక్కి వచ్చింది. హైడ్రాలిక్ హైబ్రిడ్ కారు చేసేదీ ఇదే. బ్రేకు వేస్తే చక్రాలు ఒక పంపును తిప్పుతాయి, పంపు ఆయిల్‌ని బలమైన సిలిండర్‌లోకి తోస్తుంది. అక్కడ రబ్బరు బ్లాడర్‌లో ఉన్న నైట్రోజన్ నలుగుతుంది. ఈ సిలిండర్‌నే అక్యుములేటర్ అంటారు. బయల్దేరేటప్పుడు నైట్రోజన్ ఆయిల్‌ని వెనక్కి నెడుతుంది, ఇందాకటి పంపే మోటారై చక్రాలను తిప్పుతుంది. మామూలు గాలి ఎందుకు నింపరంటే, అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కి ఆయిల్ తగిలితే అంటుకునే ప్రమాదం ఉంది. మన కారు టైరులో 32 పీఎస్‌ఐ ఉంటే, ఇందులో 5,000 దాకా ఉంటుంది మరి!

గట్టిగా బ్రేకు వేసినప్పుడు మూడు నాలుగు సెకన్లలో అంత శక్తినీ మింగాలి. చిన్న బ్యాటరీకి అది కష్టం, అక్యుములేటర్‌కి సులువు. కాకపోతే ఇది ఎక్కువ దాచలేదు. అందుకని మైలేజీ పెరగాలంటే బ్రేకు శక్తి ఒక్కటే చాలదు, ఇంజను చేత తెలివిగా పని చేయించాలి. పెట్రోలు ఇంజను మీద బరువు మరీ తక్కువైతే ఇంధనం దండగ. అందుకే సిరీస్ పద్ధతిలో ఇంజనుకీ చక్రాలకీ నేరుగా లంకె ఉండదు. ఇంజను తనకు అనువైన స్థాయిలో పంపును తిప్పి, అక్యుములేటర్ నిండగానే ఆగిపోతుంది.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మిషిగన్‌లోని యాన్ ఆర్బర్ ప్రయోగశాలలో దీని మీద చాలా కృషి చేసింది. 2006లో చూపించిన యూపీఎస్ అనే కొరియర్ కంపెనీ డెలివరీ వ్యాను నగరంలో తిరిగే తీరు పరీక్షల్లో 60 నుంచి 70 శాతం ఎక్కువ మైలేజీ ఇచ్చింది. కార్ల సంగతికొస్తే, ఫ్రాన్స్‌లో ప్యూజో సిట్రోయెన్ వాళ్లు బాష్ కంపెనీతో కలిసి 2013లో ‘హైబ్రిడ్ ఎయిర్’ ప్రకటించారు. వంద కిలోమీటర్లకు 2.9 లీటర్లు చాలునన్నారు. ఖర్చు పంచుకునే మరో కంపెనీ దొరక్క అది మార్కెట్‌కి రాలేదు. ఇప్పటికీ నాకు బాధే.

బాగుచేయాల్సినవీ ఉన్నాయి. నువ్వు టైరుకి గాలి కొట్టాక పంపు అడుగు పట్టుకుంటే వేడిగా ఉంటుంది కదా? నైట్రోజన్ కూడా నలిగితే వేడెక్కుతుంది. సిగ్నల్ దగ్గర కారు ఎక్కువసేపు నిలబడితే ఆ వేడి బయటికి జారి, ఒత్తిడి పడిపోతుంది, దాచిందాంట్లో కొంత పోతుంది. గ్యాసు ఉండేచోట స్పాంజిలాంటి ఫోమ్ నింపితే వేడిని తను పీల్చుకుని, గ్యాసు వ్యాకోచించేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది. ఎంత చక్కటి ఉపాయమో చూడు! ఇక పంపు. తక్కువ పనిలో ఆయిల్ లీకులూ రాపిడీ లాభంలో చాలా తినేస్తాయి. ఎడిన్‌బరో దగ్గర ఆర్టెమిస్ అనే సంస్థ, పంపులోని ఒక్కో పిస్టన్‌నీ అవసరాన్ని బట్టి కంప్యూటర్‌తో పనిలో పెట్టి, పనిలోంచి తప్పించే కవాటాలు తయారుచేసి, బీఎండబ్ల్యూ కారులో బిగించి పరీక్షించింది.

నన్నడిగితే, ఇంటింటికీ ఆగే చెత్త లారీకి ఇది మొదట రావాలి, తర్వాత ఊళ్లో తిరిగే ట్యాక్సీకి. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద ఒకే వేగంతో పోయే కారుకి పెద్ద లాభం లేదు, బ్రేకు తొక్కేదే తక్కువ, సిలిండర్ల బరువు అదనం.