ఉయ్‌ఘుర్ సీమలో ప్రయాణం: మాట, మర్యాద



కొత్త దేశానికి బయలుదేరేవారు వీసా, టికెట్టు, డబ్బు ముందుగానే సిద్ధం చేసుకుంటారు. అక్కడివారితో ఎలా మాట్లాడాలి, వారింట ఎలా మెలగాలి అన్న విషయం మాత్రం చాలామందికి చివర్లో గుర్తుకు వస్తుంది. ఈ పాఠంలో ఉయ్‌ఘుర్ ప్రజల ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ విషయం తెలుసుకుందాం. సాధారణంగా మర్యాద తప్పితే నలుగురూ నవ్వుతారు, అంతటితో పోతుంది. ఇక్కడ అలా కాదు. యాత్రికుడి తొందరపాటుకు మూల్యం చెల్లించేది స్థానికుడు కావచ్చు.

ప్రాంత పరిచయం

చైనాకు వాయవ్యాన ఉన్న షిన్‌జియాంగ్ ఉయ్‌ఘుర్ స్వయంప్రతిపత్తి ప్రాంతం 1955లో ఏర్పడింది. దీని వైశాల్యం సుమారు 16.6 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశంలో దాదాపు సగం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి 2.58 కోట్ల మందిలో సుమారు 1.16 కోట్ల మంది ఉయ్‌ఘుర్లు. వీరిలో అత్యధికులు ముస్లింలు. రాజధాని ఉరుమ్‌చి. తక్లమకాన్ ఎడారి అంచున కాష్గర్, యార్కండ్, ఖోతన్ వంటి ఒయాసిస్సు పట్టణాలున్నాయి.

ఈ పట్టణాల పేర్లు మన చరిత్రకు కొత్త కాదు. 7వ శతాబ్దంలో మన ధాన్యకటకాన్ని చూసిన యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ స్వదేశానికి తిరిగి వెళ్లింది కాష్గర్, ఖోతన్‌ల మీదుగానే. 20వ శతాబ్దం మధ్య వరకూ లేహ్, యార్కండ్‌ల నడుమ కారకోరం కనుమ దాటి వర్తక బిడారులు నడిచాయి.

భాష: తెలుగువారికి సులువే

ఉయ్‌ఘుర్ భాష టర్కిక్ కుటుంబానికి చెందినది. ఉజ్బెక్ భాషకు దగ్గర. అరబ్బీ లిపి ఆధారంగా, కుడి నుంచి ఎడమకు రాస్తారు. అయితే వాక్య నిర్మాణం మనకు పరిచయమైనట్లే ఉంటుంది. క్రియ చివర వస్తుంది, ప్రత్యయాలు మాట వెనక చేరుతాయి. ఈ వాక్యం చూడండి: "మెన్ హిందిస్తాన్‌దిన్ కెల్దిమ్." మెన్ అంటే నేను, హిందిస్తాన్ అంటే భారతదేశం, దిన్ అంటే నుంచి, కెల్దిమ్ అంటే వచ్చాను. వరస మార్చకుండానే "నేను భారతదేశం నుంచి వచ్చాను" అయింది!

"బాగున్నారా?" అనడానికి "యఖ్షిముసిజ్?" అంటారు. ఇందులో యఖ్షి అంటే బాగు, సిజ్ అంటే మీరు. మధ్యలో ఉన్న "ము" మన "బాగున్నారా"లోని చివరి "ఆ" లాంటి ప్రశ్నార్థకం. జవాబు "యఖ్షి". కృతజ్ఞత చెప్పాలంటే "రెహ్మెత్", క్షమించమనాలంటే "కెచురుంగ్", ధర అడగాలంటే "కాంచె పుల్?" అనాలి. హైదరాబాదు బజారులో తిరిగినవారికి దోస్త్, కితాబ్, నాన్, చాయ్ అనే మాటలు అక్కడ వినబడగానే అర్థమవుతాయి. ఇవి రెండు చోట్లకూ పారసీ, అరబ్బీల ద్వారానో, వర్తకం ద్వారానో చేరిన మాటలు.

పెద్దవారిని ఎప్పుడూ "సిజ్" అనే మన్నించాలి. "సెన్" అంటే నువ్వు; అది చనువున్న వారికే. వయసులో పెద్దయిన పురుషుణ్ణి "అకా" అని పిలుస్తారు. మన చెవికి అది అక్కలా వినిపించినా, అక్కడ దాని అర్థం అన్నయ్య. పురుషులు కరచాలనం చేసుకుంటారు. స్త్రీలు తామే చెయ్యి చాపితే తప్ప మీరు చాపకండి. కుడిచేతిని గుండె మీద ఉంచి కొద్దిగా తల వంచితే చాలు, అది ఎవరికైనా గౌరవమే.

రెండు గడియారాలు

దేశమంతటికీ బీజింగ్ కాలమే అధికారికం. కాని చాలామంది ఉయ్‌ఘుర్లు దానికి రెండు గంటలు వెనకగా ఉండే స్థానిక కాలం పాటిస్తారు. మన గడియారంలో ఉదయం 9.30 అయితే స్థానిక కాలం 10.00, బీజింగ్ కాలం 12.00. రైళ్లు, విమానాలు బీజింగ్ కాలం ప్రకారం నడుస్తాయి. ఎవరైనా మిమ్మల్ని పది గంటలకు రమ్మంటే, అది ఏ కాలమో వెంటనే అడగండి.

అతిథిగా వెళ్లినప్పుడు

చెప్పులు విడిచి తివాచీ మీద అడుగు పెట్టాలి. గుమ్మానికి దూరంగా ఉండే చోటు గౌరవస్థానం. పెద్దలు చూపినచోటే కూర్చోండి. భోజనానికి పరిచే గుడ్డను "దస్తిఖాన్" అంటారు. దాన్ని తొక్కకూడదు, దాటకూడదు. దాని వైపు కాళ్లు చాపకూడదు. చేతులు కడుక్కోవడానికి కూజాతో నీళ్లు పోస్తారు. తడిచేతులు విదిలించకండి, ఇచ్చిన తువ్వాలుతో తుడుచుకోండి.

మనం అన్నాన్ని పరబ్రహ్మమంటాం. వారికి రొట్టె అంతటిది. నాన్‌ను బోర్లా పెట్టరు, నేల మీద పడనివ్వరు. చేత్తో తుంచి అందరితో పంచుకుంటారు. చాయ్‌ను రెండు చేతులా అందుకోండి. కడుపు నిండితే "తొయ్దుమ్, రెహ్మెత్" అనండి. భోజనం చివర అరచేతులు పైకెత్తి ప్రార్థించి, ముఖానికి తాకించుకుంటారు. అది ముగిసేదాకా లేవకూడదు.

శాకాహారులు "గోష్ యేమెయ్‌మెన్" (మాంసం తినను) అనే వాక్యం నేర్చుకుని వెళ్లాలి. లగ్‌మన్ అనే సేమియాలాంటి వంటకంలోనూ, పొలో అనే పులావులోనూ సాధారణంగా మాంసం ఉంటుంది. పందిమాంసం పేరు వారింట ఎత్తకండి.

జాగ్రత్తగా మాట్లాడండి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2017 నుంచి ఈ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో ఉయ్‌ఘుర్లను నిర్బంధ శిబిరాలలో ఉంచారు. అవి తీవ్రవాదాన్ని అరికట్టే వృత్తి శిక్షణ కేంద్రాలని చైనా ప్రభుత్వం చెప్పింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం మాత్రం 2022 ఆగస్టు 31న వెలువరించిన నివేదికలో ఇక్కడ తీవ్రమైన హక్కుల ఉల్లంఘనలు జరిగాయనీ, అవి మానవత్వంపై నేరాలు కావచ్చనీ పేర్కొంది. చైనా ఆ నివేదికను తిరస్కరించింది. ఉయ్‌ఘుర్ జానపద ఆచారాలను పరిశోధించిన ఆచార్యురాలు రాహిలె దావుత్ 2017 డిసెంబరులో అదృశ్యమయ్యారు. ఆమెకు యావజ్జీవ శిక్ష ఖరారైనట్లు 2023లో వెల్లడైంది.

కాబట్టి ఈ సూచనలు పాటించండి. రాజకీయాలు, మతాచరణ, శిబిరాలు, విదేశాల్లోని బంధువుల గురించి మీరుగా ప్రశ్నించకండి. మీరు రేపు ఊరు దాటిపోతారు, జవాబు చెప్పినవారు అక్కడే ఉంటారు. బహిరంగంగా "అస్సలాము అలైకుం" అనడానికి కొందరు వెనుకాడవచ్చు. "యఖ్షిముసిజ్"తో మొదలుపెట్టి, ఎదుటివారు ఎలా పలకరిస్తే అలాగే బదులివ్వండి. కెమెరా చూపి "బొలమ్దు?" (ఫరవాలేదా?) అని అడగండి. "బొలిదు" అంటే సరే, "బొల్మాయ్దు" అంటే వద్దు. మౌనాన్ని కూడా వద్దనే అర్థం చేసుకోండి. తనిఖీ కేంద్రాలను, పోలీసులను ఫొటో తీయకండి. స్థానికుల ముఖాలు, పేర్లు ఇంటర్నెట్‌లో పెట్టకండి.

చైనాలో విదేశీయుల బస వివరాలు 24 గంటల్లో పోలీసుల వద్ద నమోదు కావాలి. హోటల్లో దిగితే ఆ పని హోటల్‌వారే చేస్తారు. ఎవరింట్లోనైనా దిగితే అది ఆ ఇంటివారికీ బాధ్యతవుతుంది. అందుచేత పిలుపు ఎంత ఆప్యాయంగా ఉన్నా, రాత్రి బస హోటల్లోనే పెట్టుకోవడం మంచిది. అసలు ఇంటికి పిలవకపోతే అది అనాదరణ అనుకోకండి. పిలవలేని పరిస్థితి ఉండవచ్చు.

మర్యాద అంటే నేర్చుకున్న నాలుగు మాటలు అప్పజెప్పడం కాదు. మన మాట వల్ల, మన చూపు వల్ల ఎదుటివారికి ఇబ్బంది కలగకుండా మెలగడం. ఎక్కడ మాట్లాడాలో ఎంత ముఖ్యమో, ఎక్కడ ఊరుకోవాలో తెలియడమూ అంతే ముఖ్యం.

ఆలోచించండి: మీ ఊరికి భాష తెలియని అతిథి వస్తే, ముందుగా ఏ ఐదు మాటలు నేర్పుతారు? మీ ఇంట ఏ మూడు పద్ధతులు చెబుతారు? రాసి, తరగతిలో చర్చించండి.