చర్మము క్రింది తీగ

మధుమేహమునకు ఇన్సులిన్ వాడు రోగి యున్న యింట ఇల్లాలికి రాత్రులు నిద్ర పట్టదు. మందు మోతాదు మించినచో నెత్తుట చక్కెర పడిపోయి, చెమటలు పోసి, రోగి తెలివి తప్పవచ్చును. నడిరేయి లేచి బిడ్డ నుదుట చేయి వైచి చూచెడి తల్లు లెందఱో! అట్టివారికి నేడు దారపు పోగు వంటి సన్నని తీగ యొకటి తోడైనది. దానిని చేతికో పొట్టకో చర్మము క్రింద గ్రుచ్చి పది పదునైదు దినము లుంచుదురు.

సోదరీమణులారా, ఈ తీగ చక్కెరను తిన్నగా గుర్తింపజాలదు. దానిపై 'గ్లూకోజ్ ఆక్సిడేజ్' అను ఎంజైము పూత యుండును. ఆ పూతవలన చక్కెర ప్రాణవాయువుతో గలిసినపుడు హైడ్రోజన్ పెరాక్సైడు పుట్టును. పుండ్లు కడుగుటకు మందుల దుకాణమున గొను నురుగునీరిదియే. కొన్ని పరికరములలో తీగయందలి ప్లాటినము ఆ పెరాక్సైడునుండి అణువునకు రెండేసి ఎలక్ట్రాన్లను లాగికొనును. ఆ విద్యుత్తును గొలిచి చక్కెర యెంతయో చెప్పుదురు. మీగడను జూచి పాల చిక్కదన మెంచినట్లు! 1962లో అమెరికాలో క్లార్కు, లయన్సు అనువారు ఈ ఎంజైము ఉపాయమును ప్రకటించిరి. అయితే వారు గొలిచినది ఖర్చయిన ప్రాణవాయువును. పెరాక్సైడును గొలుచుట పిదప వచ్చినది. 1999లో అమెరికా ప్రభుత్వ మనుమతించిన మొదటి పరికరము మూడు దినములే పనిచేసెడిది.

నాకు వింత గొలిపినది వేఱొకటి. దేహము ఈ తీగను ముల్లని యెంచును. తెల్ల రక్తకణములు మూగి, శత్రువును జంపుటకు సూపరాక్సైడు, పెరాక్సైడు మొదలగు తీక్ష్ణద్రవ్యములను జిమ్మును. తీగ దేనిని లెక్కించుటకు వచ్చినదో దానితోనే దానిపై యుద్ధము! గాయపు సందడి యణగువఱకు, ముఖ్యముగా మొదటి దినమున, అంకెలు తప్పుట కద్దు. జ్వరమునకు మ్రింగిన పారాసిటమాలును ప్లాటినమునకు ఎలక్ట్రాన్ల నిచ్చి కొన్ని పరికరములలో లేని చక్కెరను జూపును. మఱియు తీగ చూచునది నెత్తురును గాదు, కణముల నడిమి ద్రవమును. అందు మార్పు కొన్ని నిమిషములు వెనుకబడును. కావున రోగి వణకుచుండగా, అంకె బాగున్నదని యూరకుండరాదు. వెంటనే వ్రేలు గ్రుచ్చి నెత్తురు చూడవలెను.

ఆ తీక్ష్ణద్రవ్యములనే కొలుచు తీగలనుగూడ శాస్త్రజ్ఞులు చేయుచున్నారు. సూపరాక్సైడు పుట్టిన క్షణముననే రూపు మారును. సీసాలో బట్టి ప్రయోగశాలకు బంపుటకు వీలుపడదు. అందుచే బంగారముపై సైటోక్రోమ్ సి అను ప్రోటీను నంటించి, అది పుట్టిన చోటనే పట్టజూతురు. పెరాక్సైడును ఎలుకల మెదడునందు ఇట్టి సన్నని తీగలతో గొలిచిరి. చిక్కేమనగా, ఏ తీగ నుంచినను కొంతకాలమునకు దేహము దాని చుట్టును పొర గట్టును. పిమ్మట దానికి చూపు మందగించును.