ఆడాసిటీ 3.0

ఆడాసిటీ 3.0 ధ్వనిని రికార్డు చేయడానికి, సవరించడానికి వాడే ఆడాసిటీ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు యొక్క ఒక కూర్పు. ఇది 2021 మార్చిలో విడుదలైంది. పైకి ఇది అంతకు ముందరి 2.4.2 కూర్పు లాగానే కనిపిస్తుంది. అయితే తొలినాళ్ళ నుండి వాడుకలో ఉన్న ప్రాజెక్టు ఫైలు పద్ధతిని ఈ కూర్పుతో విరమించి, దాని స్థానంలో ఏయూపీ3 అనే కొత్త పద్ధతిని ప్రవేశపెట్టారు.

నేపథ్యం

ఆడాసిటీని 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజ్జోని, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టారు. 2000 మే నెలలో ఇది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఉచితంగా లభించడం వలన విద్యాసంస్థలలోను, ఇళ్ళలోను విరివిగా వాడబడుతోంది.

పాత పద్ధతి

పెద్ద ధ్వని ఫైలు నడుమ ఒక మాట తొలగించాలన్నా, చేర్చాలన్నా ఆ తరువాతి భాగమంతా జరపవలసి వస్తుంది. కుట్టిన పుస్తకం నడుమ పేజీ చేర్చడం కష్టం. విడి కాగితాలైతే సులభం. అందువల్ల ఆడాసిటీ ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి దాచేది. ఒక్కో ముక్క గరిష్ఠ పరిమాణం సుమారు 1 మెగాబైటు. సెకనుకు 44,100 నమూనాల చొప్పున రికార్డు చేస్తే ఇది దాదాపు 6 సెకన్ల ధ్వనికి సమానం. ఈ లెక్కన ఒక గంట స్టీరియో రికార్డింగుకు సుమారు 1,200 ఫైళ్ళు తయారయ్యేవి.

ఈ ముక్కలన్నీ ఒక డేటా ఫోల్డరులో ఉండేవి. వాటిని ఏ వరుసలో కలిపి వినిపించాలో తెలిపే వివరాలు ఏయూపీ అనే మరొక ఫైలులో ఉండేవి. ఏయూపీ ఫైలులో ధ్వని ఉండదు. ఈ సంగతి తెలియని వాడుకరులు ఆ చిన్న ఫైలును మాత్రమే పెన్‌డ్రైవులోకి నకలు చేసుకొని, ఫోల్డరును వదిలేసేవారు. అసలు కంప్యూటరులోని ఫోల్డరు కూడా చెరిగిపోతే ఆ ధ్వని ఇక లేనట్లే. ఫోల్డరు మిగిలి ఏయూపీ ఫైలు పోయినా, ముక్కలను సరైన వరుసలో పేర్చడం చాలా కష్టం.

కొత్త పద్ధతి

3.0లో ప్రాజెక్టు మొత్తం ఏయూపీ3 అనే ఒకే ఫైలులో ఉంటుంది. ఇది నిజానికి ఎస్‌క్యూలైట్ డేటాబేసు. ధ్వనిని ముక్కలుగా చేసే ఆలోచన మారలేదు. విడి ఫైళ్ళుగా ఉండిన ముక్కలు డేటాబేసులోని వరుసలుగా మారాయి. కాగితాలు విడివిడిగానే ఉన్నాయి, కానీ అన్నీ ఒకే పెట్టెలో చేరాయి.

పాత ఏయూపీ ప్రాజెక్టును 3.0లో తెరిస్తే, దానిలోని ధ్వని కొత్త ప్రాజెక్టులోకి నకలు అవుతుంది. పాత ఫైళ్ళు చెరగవు. దీనికి ఏయూపీ ఫైలు, డేటా ఫోల్డరు రెండూ ఒకేచోట ఉండాలి. మార్పు ఒకవైపే సాధ్యం. ఏయూపీ3 ఫైలును 2.4.2 గాని, అంతకు ముందరి కూర్పులు గాని తెరవలేవు.

జాగ్రత్తలు

* ప్రాజెక్టు తెరచి ఉన్నప్పుడు దాని పక్కన అదే పేరుతో, చివర డబ్ల్యూఏఎల్, ఎస్‌హెచ్‌ఎమ్ అనే అక్షరాలతో రెండు తాత్కాలిక ఫైళ్ళు కనిపిస్తాయి. వాటిని చెరపరాదు. ప్రాజెక్టును మూసిన తరువాతనే నకలు తీసుకోవాలి.
* ఒక గంట స్టీరియో ధ్వనికి సుమారు 1.27 గిగాబైట్ల స్థలం కావాలి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాటు చేసిన డ్రైవులలో 4 గిగాబైట్లకు మించిన ఫైలు పట్టదు కనుక, అటువంటి డ్రైవులో ఏయూపీ3 ప్రాజెక్టును భద్రపరచడానికి ఆడాసిటీ అనుమతించదు.
* ప్రాజెక్టు ఫైలు పని చేసుకోవడానికి ఉద్దేశించినది. పెద్దల మాటలు, పాటలు, ఉపన్యాసాలు చిరకాలం నిలవాలంటే వాటిని వేవ్ లేదా ఫ్లాక్ రూపంలో ఎగుమతి చేసి, రెండు వేర్వేరు చోట్ల దాచడం మేలు. ఆ ఫైళ్ళను ఇతర సాఫ్టువేర్లు కూడా తెరవగలవు.

ఇతర మార్పులు

3.0లో ధ్వని ఉన్న చోట్లను, నిశ్శబ్దాన్ని గుర్తించే రెండు పాత పరికరాలను తొలగించి, ఆ రెండు పనులూ చేసే ఒకే పరికరాన్ని చేర్చారు. 2021 అక్టోబరులో వచ్చిన 3.1 కూర్పులో, ధ్వని ముక్కలను ముందుకు వెనుకకు జరిపే టైమ్ షిఫ్ట్ పరికరం కూడా పోయింది. దాని బదులు ఇప్పుడు ప్రతి ముక్క పైన ఉండే పట్టీని మౌసుతో పట్టి లాగవచ్చు. ఈ కారణంగా పాత పాఠాలను చూసి నేర్చుకునే విద్యార్థులకు అందులో చూపిన బొత్తాలు కొన్ని కనబడవు. పాఠం ఏ కూర్పుకు రాసినదో ముందుగా చూసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* స్వేచ్ఛా సాఫ్టువేరు
* ధ్వని ముద్రణ
* ఎస్‌క్యూలైట్