సంగీతపాఠమున ప్రశ్న

వ్యాకరణము చెప్పి విశ్రమించిన నాకు సంగీతముతో నేమి పని యని మీ రనవచ్చును. నాకు పాట రాదు. పాఠము చెప్పుట యన నేమో కొంత తెలియును.

మా శాస్త్రపాఠములలో శిష్యుడు పూర్వపక్షము చేయవలసినదే. శంక పుట్టని శిష్యుని గురువే శంకించును. సంగీతపాఠ మట్లు కాదు. గురువు పాడును, శిష్యు డనుకరించును. తప్పినచో "మరల" అనును. గురుకులవాసమున నిది చాలెడిది. వేకువను గురువు సాధన వినుచు, కచ్చేరిలో వెనుక తంబుర మీటుచు, శిష్యు డడుగకయే యెన్నియో యుత్తరములు పొందెడివాడు. 1919లో విజయనగరమున సంగీతకళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి యధ్యక్షులు, ద్వారం వేంకటస్వామినాయుడుగారు వాయులీనాచార్యులు. అట్టి విద్యాలయములతో పాటయు గంటల లెక్కకు వచ్చినది. నేడు ఒక్కొక్కరికి విడిగా చెప్పు నుపాధ్యాయునకు వారమునకు రెండు గంటలు దొరకిన గొప్ప. అందులో శిష్యుని చెవి యేమి వినుచున్నదో యడిగి తెలిసికొనక తప్పదు.

మా నెల్లూరు తీరమున, మైపాడు దారిలో, నా మిత్రుడొకడు పాట చెప్పుచున్నాడు. ఒక బాలిక కల్యాణిలో కొంత నేర్చి శంకరాభరణము మొదలిడినది. 65వ మేళమునకును 29వ మేళమునకును భేద మొక్క మధ్యమమే. ఆ పిల్ల శుద్ధమధ్యమమునకు మారుగా ప్రతిమధ్యమమే పలుకుచుండెను. నెల దినములు "తప్పు, మరల" అనుటయే జరిగినది. గొంతు నానాటికి సన్నగిల్లి, తుదకు పాఠమునకు పోనని తల్లితో చెప్పినది. తల్లి బ్రతిమాలి పంపిన నాడు మిత్రుని కోరికపై నేను మూల కూర్చుండి వింటిని. ఆ గంటలో పిల్ల పాటగాక పలికిన మాట యొక్కటియు లేదు. ఆ సంగతియే యాతనితో చెప్పితిని.

మరుపాఠమున నాతడు తంబుర మీటి, "అమ్మా, మధ్యమము ఏ స్వరము ప్రక్కన నున్నట్లు నీకు తోచుచున్నది?" అని యడిగి యూరకుండెను. ఆ యూరకుండుటయే కష్టము. మా ఉపాధ్యాయుల నాలుక సమాధానమును తానే చెప్పివేయ నురుకును. చాలసేపటికి పిల్ల, "పంచమము ప్రక్కన, అయ్యవారూ" అన్నది. తప్పు గొంతులో లేదు, తలంపులో నున్నది! కల్యాణిలో మధ్యమము పంచమమున కానుకొని యుండును. శంకరాభరణమున గాంధారమున కానుకొనును. "అయినచో గాంధారముపై నిలిచి, అటనుండి వెదకు" మనగా కొలదిసేపటిలో దొరకినది.

"తెలిసినదా?" యనుట ప్రశ్న కాదు, దానికి "తెలిసిన" దనుటయే మర్యాద. "మోహనలో నీకు వినబడని స్వరము లేవి?" యన్నచో చెవి పనిచేసి, మధ్యమనిషాదములు లేవని చెప్పును.

అడుగనిచ్చిన భక్తి తగ్గునని కొందరు పెద్ద లందురు. గీతలో ప్రణిపాతముతోపాటు పరిప్రశ్నమును చెప్పబడినదని మరచిరి కాబోలు.

ఇటీవల నా బాలికయే, "తోడిలో గాంధారము కదలక నిలువదేమి అయ్యవారూ?" అని యడిగినదట. మిత్రుడు దానిని నిలిపి యొకమారు, ఊపి యొకమారు పాడి, "ఏది తోడి?" యని మరల నామెనే యడిగెను. రెండవ దన్నది. ఏల యనగా, మంగళవారము చెప్పెదనని యింటికి పోయినది.