చిన్న వ్యాపారికి సకాలంలో సొమ్ము

దేశ ఆర్థిక వ్యవస్థ అనగానే పెద్ద కంపెనీలే గుర్తుకొస్తాయి. కానీ దేశ ఆదాయంలో సుమారు 30 శాతం, ఎగుమతుల్లో 45 శాతం దాకా సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలవే. వ్యవసాయం తరువాత ఎక్కువమందికి పని చూపుతున్నవీ ఇవే.

హైదరాబాదు లాడ్ బజార్ లక్కగాజునే చూద్దాం. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. లక్కను వేడి చేసి గాజుగా మలిచేది ఒకరు, రాళ్లు పొదిగేది మరొకరు. ముడిసరుకు అమ్మేవారు, దుకాణదారులు వేరు. ఒక చిన్న కార్ఖానా నడిస్తే ఇన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

మరి గిరాకీ ఉన్న కార్ఖానా కూడా ఎందుకు మూతపడుతుంది? చాలాసార్లు కారణం నష్టం కాదు, సొమ్ము చిక్కుకుపోవడం. 50,000 రూపాయల ఖర్చుతో తయారైన సరుకును 60,000కు అప్పు మీద ఇచ్చారనుకుందాం. లెక్క ప్రకారం లాభం 10,000. బాకీ వసూలు కాకపోతే, పని ఆగకుండా ఉండేందుకు నూటికి నెలకు 5 రూపాయల వడ్డీకి మరో 50,000 తేవాలి. నాలుగు నెలల్లో వడ్డీయే 10,000 అవుతుంది. లాభమంతా అందులోనే పోయింది.

అందుకే 2006 నాటి చట్టం గడువు పెట్టింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లించాల్సిన సొమ్మును రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉంటే ఒప్పుకున్న తేదీకి ఇవ్వాలి. అది 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. ఈ రక్షణ తయారీదారులకు, సేవలందించేవారికే గాని, కొని అమ్మేవారికి లేదు. ఇందుకు అవసరమైన ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ఉచితంగా జరుగుతుంది. మన వారికి ఆ నమోదు చేయించడం కూడా సాయమే.

హక్కు ఉన్నా, గట్టిగా అడిగితే తరువాతి ఆర్డరు పోతుందని చిన్నవాడు నోరు మెదపడు. కాబట్టి మొదటి అడుగు మనమే వేయాలి. మనలో కాంట్రాక్టర్లు, దుకాణదారులు ఎందరో ఉన్నారు. కుట్టుపని, వెల్డింగ్, ప్రింటింగ్ పనులు చేయిస్తూనే ఉంటాం. ఆ బిల్లు చెల్లించడం దానం కాదు, బాకీ తీర్చడం. వీలున్నవారు ముడిసరుకు కోసం ఖర్జె హసనా ఇస్తే, తిరిగి వచ్చిన ఆ సొమ్మే మరొకరికి అక్కరకొస్తుంది.

ఈ ఏడాది విరాళం చెక్కు రాసే ముందు, మన బల్ల సొరుగులో ఎవరి బిల్లు మిగిలి ఉందో ఒకసారి చూసుకుందాం. ముందు అది చెల్లిద్దాం.